వాయిదాల ఫోనులో అమ్మ

మా తమ్ముడు ఒగోలాను అమ్మ ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. తన మామగారి పేరు వాడికి పెట్టారు కాబట్టి “మామయ్యా” అనేది. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ వాడు అమ్మకు మామయ్యే.

కిసుము బస్టాండు దగ్గర ఒకే దుకాణంలో ఒకే రకం ఫోన్లు కొన్నాం. మా ఆడవాళ్ల సంఘంలో నా వంతు డబ్బు అందిన రోజే నేను మొత్తం కట్టేసి తెచ్చుకున్నాను. వాడేమో రోజుకింతని ఏడాది పాటు కట్టే పద్ధతిలో తీసుకున్నాడు.

“రోజుకో టీ, అందులోకి నూనెలో వేయించిన రెండు మందాజీల ఖర్చేగా అక్కా!”

“ఏడాది టీలు కలిపితే ఇంకో ఫోనొస్తుందిరా మొద్దూ!”

వింటేగా!

అమ్మ మంచం పట్టాక ఆమె మాటలన్నీ ఆ ఫోనులో రికార్డు చేసి దాచుకున్నాడు. నాక్కూడా పంపరా అంటే, “డేటా దండగెందుకక్కా? నా దగ్గరుందిగా” అన్నాడు. నా దగ్గరుందట! అది ఇంకా వాడిది కాలేదని కంపెనీకి తెలుసు, వీడికే తెలియదు.

అమ్మ పోయింది. వచ్చినవాళ్లందరికీ వారం పాటు తిండి పెట్టాలి, ఎద్దును కోయాలి. చావింట్లో ఫోను వాయిదా ఎవరికి గుర్తుంటుంది? కట్టడం ఆగేసరికి కంపెనీ ఫోను తెరకు తాళం వేసేసింది.

ఎద్దు అప్పు తీరడానికి నెలలు పట్టింది. ఆ తర్వాత మిగిలిన వాయిదాలూ జరిమానాలూ పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాడు. అన్నీ కలిపితే నా ఫోను ధరకు రెండింతలు దాటింది. కౌంటరు దగ్గరి పిల్ల ఏవేవో నొక్కి ఫోను చేతిలో పెట్టింది.

“ఇక మీ సొంతం అన్నా. కొత్తదానిలా చేసిచ్చాను.”

“లోపల మా అమ్మ మాటలు...”

“ఇన్నాళ్లు కట్టకపోతే మొత్తం తుడిచేస్తేనే తాళం తెరుచుకుంటుందన్నా. కొన్నప్పుడే చెప్పుంటారే!”

నాకు ఒళ్లు మండిపోయింది. “తాళం వేసుకుంటే వేసుకున్నారు, మా అమ్మను తుడిచేయడానికి మీరెవరే?” అని అరిచాను. జనం తిరిగి చూశారు. ఆ పిల్ల తల దించుకుంది.

బయటికొచ్చాక వాడు ఆ ఫోనునే చెవికి ఆనించుకుని నిలబడ్డాడు.

“అక్కా, అమ్మలా ఒక్కసారి పిలవవా?”

నోరు తెరిచాను. వాడిది మా తాత పేరు, నాకు వాడు తాత వరస. మామయ్యా అని పిలవాలంటే ఆ తాత ఇంటికి కోడలిగా వచ్చి ఉండాలి. అలా వచ్చిన మనిషి ఒక్కతే, ఆమె మట్టిలో ఉంది.

“ఒగోలా, పద. బండి వెళ్లిపోతుంది” అన్నాను.