బల్ల మీద ఊగిన బ్యాటరీ

పిండి గిన్నె చోటు మారింది.

నిన్న సాయంత్రం ఎవాంజెలిన్ దానిని హాట్‌ప్రెస్‌లో, పై అరలో, వెచ్చని మూలన పెట్టింది. హాట్‌ప్రెస్ అంటే వేడినీళ్ళ ట్యాంకు దాగి ఉండే గోడ అల్మారా. ఐర్లండ్‌లోని ఈ నేస్ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా అందులో తువ్వాళ్ళు ఆరుతుంటాయి. తెలుగువాళ్ళ ఇళ్ళలో తువ్వాళ్ళ పక్కనే ఇడ్లీ పిండీ పులుస్తుంటుంది. ఈ చలి నేలలో పిండికి పొంగు వచ్చే చోటు అదొక్కటే. అటువంటి చోటు విడిచి, గిన్నె మెట్ల పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆమె మూత తీసి చూసింది. పొంగలేదు, పులవలేదు. పెట్టింది పెట్టినట్టే, పలకలా, పలకకుండా ఉంది.

"ఏవండీ, గిన్నె మీరు తీశారా?"

"ఏ గిన్నె?" అన్నాడు శ్యాం వంటింట్లోంచి. ఆ మాట కాస్త తొందరగా వచ్చింది.

"ప్రిస్కీ, నువ్వు తీశావా?"

"వాజంట్ మీ, మామ్. డాడ్ డిడ్," అంది తొమ్మిదేళ్ళ ప్రిస్కిల్లా, సోఫాలోంచి తల ఎత్తకుండానే.

శ్యాం తన కాఫీ కప్పులోకి చూసుకున్నాడు.

ఎవాంజెలిన్ హాట్‌ప్రెస్ తలుపు తెరిచింది. తువ్వాళ్ళ మడత తనది కాదు. పెళ్ళైన పన్నెండేళ్ళలో శ్యాం ఒక్క తువ్వాలు మడత పెట్టి ఎరగడు. మడత పెట్టాడంటే, మరుగు పెట్టాడన్నమాట. ఒక్కొక్కటే తీసింది. అడుగున, తన పాత నూలు చున్నీలో చుట్టి, పసిబిడ్డల్లా పడుకోబెట్టిన రెండు డ్రోన్ బ్యాటరీలు కనిపించాయి.

"ఇవి ఇక్కడెందుకున్నాయి?"

"పోయిన చలికాలం డండాక్ ఊరు వెళ్ళినప్పుడు చూశావుగా? ఆ చలికి బ్యాటరీ సగంలోనే చేతులెత్తేసింది, డ్రోన్ దిగిపోయింది. అప్పట్నుంచి ఫుల్ చార్జ్ చేసి ఇక్కడే ఉంచుతున్నా. పిండికి పనికొచ్చే వెచ్చదనం దీనికి పనికిరాదా?"

"అప్పట్నుంచా! మరి ఇవాళ గిన్నె ఎందుకు దింపారు?"

"ఆవిరి తగుల్తుందని. మధ్యాహ్నం బాప్తిస్మం ఉందిగా."

జవాబు సరిగానే ఉంది. అందుకే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం సముద్రం ఒడ్డున సూర్యప్రభ బాప్తిస్మం తీసుకుంటోంది. ఆమె భర్త జీవన్ కుమార్ శ్యాంకి అన్నలాంటివాడు. ప్రార్థన నడిపించే బాలశౌరి అంకుల్‌కి శ్యాం మాట ఇచ్చాడు: జనం మీద కాకుండా, నీళ్ళ వైపు నుంచి, డ్రోన్‌తో వీడియో తీసిపెడతానని. డ్రోన్ బ్యాగ్ ఎప్పుడూ కారు డిక్కీలో ఉండదు. అక్కడ చలి అని, వెనుక సీటులో ప్రిస్కిల్లా ఒళ్ళో పెడతాడు. దారి పొడుగునా పిల్ల దానిని కావలించుకుని కూర్చుంటుంది.

ఆ ఒడి గుర్తొచ్చి ఎవాంజెలిన్ చున్నీ విప్పింది.

పైనున్న బ్యాటరీ వెచ్చగా ఉంది. దాని వీపున ప్రిస్కిల్లా ఎప్పుడో అతికించిన గొర్రెపిల్ల స్టిక్కర్ ఉంది. గొర్రెపిల్ల ఒళ్ళు చేసినట్టు కనిపించింది. ఆమె బ్యాటరీని వంటింటి బల్ల మీద పెట్టి, ఒక మూలను వేలితో నొక్కింది. ఎదుటి మూల లేచింది. వేలు తీసింది, దిగింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ లేచింది. ఉయ్యాలలా, ఊపిరిలా.

"బల్ల వంకరగా ఉంది," అన్నాడు శ్యాం.

ఆమె అద్దం తెచ్చి పరిచి, దాని మీద పెట్టింది. అద్దం మీదా ఊగింది.

"యాప్‌లో చూడు, అంతా గ్రీన్. నైంటీ సిక్స్ చూపిస్తోంది. ఇట్స్ గ్రాండ్."

"బీపీ బాగుందని, కాలు వాచిన పేషెంట్‌ని ఇంటికి పంపేస్తామా? నేను పంపితే మా వార్డు మేనేజర్ నన్ను పంపేస్తుంది."

"ఈ మధ్య లోపలికి టైట్‌గా వెళ్తోంది, అంతే. గట్టిగా పట్టుకుంటోంది, మంచిదేలే అనుకున్నా."

"వాపు చూసి బలుపనుకున్నారు. మరి బయటికెలా తీస్తున్నారు?"

శ్యాం కాఫీ కప్పు కడగడం మొదలుపెట్టాడు.

"అడుగుతున్నాను కదండీ."

"స్పూన్‌తో."

సొరుగులో కాడ వంగిన స్పూను ఆమెకు తెలుసు. దాని కోసం ప్రిస్కిల్లాను తిట్టిన తిట్లూ తెలుసు. సోఫాలోంచి పిల్ల తల ఎత్తి తండ్రి వైపు చూసింది. ఆ చూపుకు తెలుగూ అక్కర్లేదు, ఇంగ్లీషూ అక్కర్లేదు.

అయితే ఇతనికి తెలుసు. తెలిసీ మడతల కింద దాచాడు. ఇంకేం తెలుసో, ఇంకేం దాచాడో అని ఆమె చూపు అతని చేతుల మీదే ఆగింది. అతని చూపు మాత్రం వేరే దారి వెతుక్కుంది.

"జీవన్ అన్నయ్య గృహప్రవేశానికి మన డ్రోన్ తీసుకెళ్ళాడుగా," అన్నాడు నెమ్మదిగా. "మార్చేసి ఉంటాడు. తన పాతది నాకిచ్చి, నాది..."

"గొర్రెపిల్లని కూడా మార్చాడా?"

"స్టిక్కర్‌దేముంది, పీకి అతికించొచ్చు."

వద్దంటున్నా వినకుండా ఫోన్ చేశాడు. స్పీకర్‌లో జీవన్ కుమార్ గొంతు గదంతా నిండింది.

"వందనాలు తమ్ముడూ! రెడీనా? మీ వదిన తెల్లచీరకి ఇస్త్రీ నాతోనే చేయిస్తోంది."

"అన్నయ్యా, చిన్న మాట. నా బ్యాటరీ... నీ దగ్గరున్నప్పుడు ఏమైనా మారిందా?"

"మారడమేంట్రా?"

"అంటే, నీ దాంతో కలిసిపోయి..."

"నాది పిల్లలాడుకునే బొమ్మ డ్రోను. నీ బ్యాటరీ దాని నెత్తి మీద పెడితే దాని నడుం విరుగుద్ది. ఏంట్రా, బాప్తిస్మం రోజున నన్ను దొంగని చేస్తన్నావా?"

"అయ్యో, లేదన్నయ్యా. కొంచెం ఉబ్బింది. అందుకని..."

"ఉబ్బిందా? ఎక్కడ పెడతన్నావు దాన్ని?"

శ్యాం ఎవాంజెలిన్ వైపు చూశాడు. ఆమె సాయం చేయలేదు.

"హాట్‌ప్రెస్‌లో. పోయిన చలికాలం నుంచి."

అవతల ఇస్త్రీపెట్టె దించిన చప్పుడు వినిపించింది.

"మీ వదిన మామిడికాయలు మగ్గేసేది అందులోనే కదరా! ఎగరేసే ముందు కాసేపు వెచ్చబెట్టుకోమంటే అర్థం ఉంది. ఫుల్ చార్జ్ చేసి, నెలల తరబడి పొయ్యి పక్కన పడుకోబెడతారా ఎవరైనా? అది అంటుకుంటుద్ది, తీసుకురామాక. వినపడిందా?"

ఫోన్ ఆగింది. శ్యాం చెవులు ఎర్రబడ్డాయి.

"విన్నారుగా," అంది ఎవాంజెలిన్. "ఇది ప్రిస్కీ ఒళ్ళో కూర్చోదు. మన కారే ఎక్కదు."

"నా ఒళ్ళో పెట్టుకుంటా, నువ్వు డ్రైవ్ చెయ్యి. ఒక్కసారి ఎగరేసి పారేస్తా. నేను డ్రోన్ కొన్న రోజు నుంచి నీకు ఇష్టం లేదు. సాకు దొరికింది."

"సాకు ఊగుతోంది కదండీ, అద్దం మీద!"

అతను వినలేదు. డ్రోన్ తెచ్చి, బ్యాటరీని దాని గూటిలోకి దూర్చాడు. సగం వెళ్ళి ఆగింది. బొటనవేళ్ళతో నెట్టాడు; కదలలేదు. అరచేతితో అదిమాడు.

టిక్కుమంది.

చిన్న చప్పుడు, పెంకు విరిగినంత చప్పుడు. గొర్రెపిల్ల నడుముకు అడ్డంగా ఒక గీత పడింది. తర్వాత తియ్యగా, ఘాటుగా, వంటింటిది కాని వాసన ఒకటి మెల్లగా వచ్చింది.

"మామ్, వై డజ్ ఇట్ స్మెల్ లైక్ నెయిల్ వార్నిష్?"

ఎవాంజెలిన్ పిల్ల చెయ్యి పట్టుకుని, చెప్పులైనా వేయకుండా, వీధి వాకిలి దాటి, ఎదుటి ఇంటి ప్రహరీ దాకా లాక్కెళ్ళింది. అక్కడ నిలబెట్టి వెనక్కి తిరిగింది. తెరిచిన తలుపుల్లోంచి ఇల్లంతా ఒకే గొట్టంలా కనిపిస్తోంది. ఆ గొట్టం చివర శ్యాం, డ్రోన్‌ను ఇనుప ట్రేలో పెట్టుకుని, మెడ వెనక్కి వాల్చి, పెరట్లోకి నడుస్తున్నాడు. తొందరపడలేదు. ట్రేను సిమెంటు గచ్చు నడుమ దించాడు. ప్రిస్కిల్లా చిన్నప్పటి ఇసుకతొట్టిలోంచి బకెట్టుతో ఇసుక తెచ్చి పోశాడు, మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ పోశాడు. డ్రోన్ రెక్కలు కూడా కనబడనంతగా పోశాడు.

మంట రాలేదు, పొగ రాలేదు. ఏమీ జరగకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

ఫైర్ బ్రిగేడ్‌కు ఫోన్ చేస్తే ముట్టుకోవద్దన్నారు, దూరంగా ఉండి కనిపెట్టుకోమన్నారు, వచ్చి చూస్తామన్నారు. ఆ తర్వాత శ్యాం బాలశౌరి అంకుల్‌కు చేశాడు. ఎవాంజెలిన్ పక్కనే నిలబడి, ఈసారి ఎవరి పేరు చెబుతాడోనని చూసింది.

"అంకుల్, డ్రోన్ రాదు. బ్యాటరీ పాడైంది." ఆగాడు. "నేనే పాడు చేశాను. జీవన్ అన్నయ్యని అనకూడని మాట కూడా అన్నాను."

"అన్న సంగతి అన్నతో చూసుకో నాయనా," అన్నాడు పెద్దాయన. "డ్రోన్ సంగతంటావా, మునిగేది నీళ్ళలో కదా, ఆకాశంతో మనకేం పని? పిల్ల బాగుందా?"

"బాగుంది అంకుల్."

శ్యాం ఫోన్ జేబులో పెట్టుకుని పెరటి తలుపు దగ్గరికి వెళ్ళాడు.

ఎవాంజెలిన్ లోపలికి వెళ్ళి రెండో బ్యాటరీని అద్దం మీద పెట్టింది. ఒక మూల నొక్కింది, తర్వాత మరో మూల. నాలుగు మూలలూ నొక్కింది. కదలలేదు. అద్దానికీ దానికీ నడుమ వెంట్రుక పట్టే సందు లేదు.

"అది బాగానే ఉందిగా?" అన్నాడు శ్యాం పెరటి తలుపు దగ్గర నుంచి.

"ఉన్నట్టే ఉంది."

చున్నీ కొసలతో పట్టుకుని దానినీ బయటికి తెచ్చి, మొదటిదానికి దూరంగా, మరో ఇసుక కుప్పలో పెట్టింది. అతను అడ్డు చెప్పలేదు. కుర్చీ తెచ్చుకుని, కోటు బొత్తాలు పెట్టుకుని, రెండు కుప్పలూ కనిపించేలా గోడ వారగా కూర్చున్నాడు. సన్నగా తుంపర మొదలైంది.

కారు వెనుక సీటులో ప్రిస్కిల్లా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు వెతుక్కుంది.

"ఈజ్ డాడ్ నాట్ కమింగ్?"

"డాడ్ కాపలా ఉన్నారమ్మా," అంది ఎవాంజెలిన్, వెనుక అద్దంలో ఆ ఖాళీ ఒడిని ఒకసారి చూసుకుని. అప్పుడు తాళం తిప్పింది.