మంచు దారి

నేను ఒక చలికాలపు చిత్రాన్ని. చింతపల్లి కొండల మీది పొగమంచు, ఆ మంచులోకి వంపు తిరిగి మాయమయ్యే ఘాట్ రోడ్డు, దాని వారన రెండు చెట్లు. నాలో ఉన్నదంతా ఇంతే. మనిషి అలికిడి లేదు. పుష్యమాసపు తెల్లవారుజామున, కొంకర్లు పోయే వేళ్లను టీ గ్లాసుకు ఆనించి కాచుకుంటూ కాత్యాయని నన్ను గీసింది.

విశాఖలో ప్రదర్శనకు పెట్టినప్పుడు కళాప్రియులు నా ముందు నిలబడి, "ఆహా, ఎంత ప్రశాంతత!" అన్నారు. చలికి పళ్లు టకటకలాడుతుండగా నన్ను గీసిన మనిషి పక్కనే ఉండి నవ్వుకుంది. ఒకాయన తన ఇంట్లో సోఫాకు నేను నప్పనని పెదవి విరిచాడు.

బొమ్మలు కొనే సరదా ఉన్న భుజంగరావు మాత్రం చాలాసేపు చూసి, "ఇది ఏ రోడ్డమ్మా?" అని అడిగాడు. కాత్యాయని చెప్పింది. ఆయన అక్కడికక్కడే కొనేశాడు.

సాయంత్రం నన్ను హాల్లో తగిలిస్తుంటే ఆయన భార్య సుభాషిణి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవండీ, ఇది..."

"ఆ రోడ్డే."

వాళ్ల ఒక్కగానొక్క కూతురు మృదుల మూడేళ్ల కిందట మంచు చూడాలని స్నేహితులతో వెళ్లింది. ఆ మలుపులోనే జీపు లోయలో పడింది. మర్నాడు పేపర్లో వచ్చిన ఆ మలుపు ఫొటో ఇద్దరూ చూశారు. పిల్ల పేరెత్తితే రెండోవాళ్లు ఏమైపోతారోనని అప్పటినుంచీ ఇద్దరూ నోరు కుట్టుకుని బతుకుతున్నారు.

"తెలిసే తెచ్చారా? మనసెలా ఒప్పిందండీ మీకు? తీసెయ్యండి!"

ఆయన నన్ను దించబోయాడు. చేతులు ఫ్రేము మీదే ఆగిపోయాయి. "అది ఆఖరికి ఏం చూసిందో చూడాలనిపించింది సుభా. అక్కడికెళ్లే ధైర్యం నాకు లేకపోయింది."

ఆమె దగ్గరకొచ్చి నా మంచు మీద అరచెయ్యి ఆనించింది. ఎండిన రంగు గరుకుగా తగిలి ఉంటుంది. అయినా చెయ్యి తియ్యలేదు.

"స్వెట్టర్ బ్యాగులో పెట్టాను. వేసుకుందో లేదో."

"వేసుకుంది," అన్నాడాయన. "ఆస్పత్రిలో చూశాను. గుండీలన్నీ పెట్టుకుంది."

ఇన్నాళ్లూ ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. సుభాషిణి అలాగే కింద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయనా పక్కన చతికిలబడ్డాడు. దీపం వెయ్యాలన్న ధ్యాస ఇద్దరికీ లేదు. చీకటి పడ్డాక నేను ఎవరికీ కనబడను. అయినా వాళ్లు నా ముందు నుంచి లేవలేదు.