గడ్డి కుక్కిన గంట

“ఎండ ముదిరాక ఇక్కడి పశువులు ఏ వైపు చేరతాయి?”

ఆ మాట చెవిన పడేసరికి నేను పొయ్యి దగ్గర జొన్న అంబలి కలుపుతున్నాను. గరిటె చేతిలోనే ఆగిపోయింది. కొండలు చూడటానికి వచ్చినవాడికి మా పశువులు ఎక్కడ పడుకుంటే ఏం?

అడిగినవాడి పేరు లౌరెన్స్. సరిహద్దు అవతలి తెల్లవాడు. మా సెసోతో భాష మాలో సగంమంది కంటే తేటగా మాట్లాడతాడు. నాకు మొదట నచ్చనిది అదే. ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? ఎందుకు నేర్చుకున్నాడు? నా కూతురు లికెట్సోకి ఇలాంటి అనుమానాలు రావు. మురిసిపోతూ అంతా చెప్పేసింది.

“దక్షిణం వైపు రాతిగోడల కిందికయ్యా. మా ఎండ ఉత్తరాన్నించి కదా, అక్కడ మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. మీరు చూడాలన్న కొండ లేళ్ళూ అక్కడికే, ఆవులూ అక్కడికే.”

పోయిన వేసవిలో ఇద్దరు మనుషులు గుర్రాలు కొంటామని వచ్చి, ఇలాగే ఆ మాటా ఈ మాటా అడిగి వెళ్ళారు. చలి మొదలయ్యేలోగా దొంగలు పడి పై దొడ్డి ఖాళీ అయిపోయింది. మా తమ్ముడి గొర్రెలు కూడా అందులోనే పోయాయి. అందుకే ఈ ఏడు లికెట్సో కొండ చూపించే పనికి అనుమతి అడిగితే ఊరి పెద్ద ఒక్కటే చెప్పాడు: “తీసుకెళ్ళు తల్లీ. నీ వెంట వచ్చినవాడి మీద మాకు అనుమానం కలిగిందా, జవాబు నువ్వు చెప్పాలి. ఇక మళ్ళీ కొండెక్కే పని లేదు.” మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పని మీదే. మా వైపు తల్లికి బిడ్డ పేరే పేరు కూడాను. నన్నందరూ మాలికెట్సో అంటారు, లికెట్సో తల్లి అని. దాని పేరు చెడితే నాకు వేరే పేరు లేదు.

“నేనూ వస్తాను. గుర్రాన్ని పట్టుకుంటాను” అన్నాను.

“నువ్వెందుకమ్మా? మోకాళ్ళు నెప్పులంటావుగా.”

“కొండ మీద గాలికి తగ్గుతాయి.”

“నిన్న ఆ గాలికే నెప్పులన్నావు!”

లౌరెన్స్ నవ్వాడు. నేను నవ్వలేదు. గుర్రం మీద నీళ్ళడబ్బాలు, జొన్నసంకటి, ఆకుకూర మూట కట్టి బయల్దేరాను.

పొద్దున్నే బయల్దేరినా రెండో మలుపు దగ్గరే ఎండ నడినెత్తికి వచ్చినట్టు కాల్చేసింది. మా మలోటి కొండల ఎండ అంతే. గాలి చల్లగా తగులుతూనే ఉంటుంది, చర్మం కాలుతూనే ఉంటుంది. కొండెలుకలు బొరియల ముందు తడిమట్టికి పొట్టలు ఆనించుకుని పడున్నాయి. లికెట్సో ఆగి ఆకాశంలోకి వేలు చూపించింది. ఎముకలు మింగే గడ్డపు రాబందు రెక్క కదపకుండా తిరుగుతోంది, ఛాతీ తుప్పు రంగులో మెరుస్తోంది. లౌరెన్స్ దుర్భిణి ఎత్తి చాలాసేపు చూశాడు. తర్వాత అదే దుర్భిణి మెల్లిగా కిందికి దించాడు. ఎదుటి వాలు మీద రాళ్ళతో కట్టిన కాపరుల గుడిసె దగ్గర ఆపాడు.

“అక్కడ ఎవరుంటారు?”

“రపెలాంగ్ అయ్య. ఊరి మంద ఆయన చేతిలోనే” అంది లికెట్సో.

“కుక్కలున్నాయా?”

దొంగ మొదట అడిగేది కుక్కల గురించే.

“బోలెడున్నాయి. మనిషిని కూడా కరుస్తాయి. తుపాకీ కూడా ఉంది” అన్నాను.

“అమ్మా, ఉన్నవి రెండే కుక్కలు! అందులో ఒకదానికి పళ్ళే లేవు. తుపాకీ ఎక్కడిది?”

“నీకేం తెలుసు? కొత్తది కొన్నాడు.”

“కుక్కలుంటే లేళ్ళు దూరంగా పోతాయి కదమ్మా, అందుకడిగాను” అన్నాడు లౌరెన్స్, నా వైపు తిరిగి, మర్యాదగా. అంత మర్యాద కూడా నాకు గిట్టలేదు. తప్పుచేయబోయేవాడు మెత్తగానే మాట్లాడతాడు.

“మంద ఈసారి పెద్దదేనా?” అని మళ్ళీ అడిగాడు.

“ఎక్కడిది? సగం జబ్బుతో పోయింది. మిగిలినవి ఎముకలే” అన్నాను. సరిగ్గా అప్పుడే కింద లోయలో ఆవులు బారులు తీరి నీళ్ళకి దిగుతున్నాయి, నిగనిగలాడుతూ, కడుపులు ఊగించుకుంటూ. లికెట్సో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నానికి రాతిగోడల పైఅంచుకి చేరాం. ఎండవేళ గాలి లోయలోంచి పైకి వీస్తుంది. అందుకే లేళ్ళ కోసం పైనుంచి దిగాలి, అప్పుడే మన వాసన వాటికి చేరదు. లికెట్సో గొంతు తగ్గించి, నీడలో పెరిగిన పొడుగాటి గడ్డివైపు చూపించింది. మొదట నాకేమీ కనబడలేదు. తర్వాత ఒక చెవి, కుందేలు చెవిలా నిటారుగా, ఈగని తోలుకుంది. అది కొండలేడి. పక్కన ఇంకోటి. ఇంకాస్త దిగువన ఊరి ఆవులు నెమరేస్తున్నాయి.

గుర్రం తల విదిలించింది. మెడలో గంట గణగణలాడింది. గడ్డిలో చెవులన్నీ మావైపు తిరిగాయి.

“గంటలో గడ్డి కుక్కితే సరి” అని గొణిగాడు లౌరెన్స్. లికెట్సో జవాబు చెప్పేలోపే గుప్పెడు గడ్డి పీకి, మెలితిప్పి, గంట నాలుక చుట్టూ బిగించేశాడు. చూడకుండానే చేశాడు. చేతికి అలవాటైన పనిలా చేశాడు.

మా కొండల్లో గంట నోరు నొక్కేది పశువుల దొంగ ఒక్కడే. పోయిన ఏడు మా తమ్ముడి గొర్రెల గంటలు ఏటి ఒడ్డున దొరికాయి. ప్రతిదాన్లోనూ ఇలాగే మెలితిప్పిన గడ్డి.

“లికెట్సో, వెనక్కి పోదాం.”

“ఇప్పుడా? ఇంకాస్త దిగితే చాలమ్మా. మగలేడి కనబడితే ఆయన ఈ వేసవంతా మనుషుల్ని తీసుకొస్తానన్నాడు.”

“గంటలో గడ్డి తీసెయ్యమను.”

“అమ్మా, నీకు దండం పెడతా, కాసేపు ఊరుకో.”

అప్పుడు వెనకనుంచి ఈల వినబడింది. సన్నగా, పొడుగ్గా. ఎదుటి శిఖరం మీదనుంచి ఇంకో ఈల జవాబిచ్చింది. కాపరులు దొంగల్ని చుట్టుముట్టేటప్పుడు వేసే ఈల అది. ఇంతసేపూ నేను లౌరెన్స్‌నే చూస్తున్నాను. మమ్మల్ని పైనుంచి చూసేవాళ్ళకి మేమెలా కనబడతామో ఒక్కసారీ అనుకోలేదు. నోరు నొక్కిన గంట కట్టుకున్న గుర్రం. మంద మీదికి చప్పుడు లేకుండా దిగుతున్న ముగ్గురు మనుషులు. వాళ్ళలో అందరికంటే ముందు నా బిడ్డ. మా కాపరులు ముందు కొట్టి తర్వాత అడుగుతారు.

ఒక రాయి దొర్లుకుంటూ వచ్చి లికెట్సో కాలి పక్కనుంచి పోయింది.

నేను గంటలో గడ్డి పీకి పారేసి, రెండు చేతులతో ఊపాను. గొంతు చించుకుని అరిచాను. “మన మొసలి వంశందాన్ని నేను! మాలికెట్సోని! రపెలాంగ్ అయ్యా, నా మొహం చూడు! నా బిడ్డని కొట్టకు!”

గడ్డిలోంచి లేళ్ళు ఒక్కసారిగా ఎగిశాయి. ముందు మగది దగ్గులాంటి చప్పుడు చేసింది. తెల్లతోకలు ఊపుకుంటూ అన్నీ రాతిగోడ మలుపు దాటి మాయమయ్యాయి. లికెట్సో మొహం పాలిపోయింది. రాయి చూసో, లేళ్ళు పోయినందుకో నాకు తెలియలేదు.

ఆ ఎండలో కూడా మందపాటి కంబళి కప్పుకుని, చేతికర్ర పట్టుకుని రపెలాంగ్ దిగొచ్చాడు. కింద పడిన గడ్డిని కర్రతో కదిపాడు. మెలిక చూశాడు.

“గంట నోరు ఎవరు మూశారు?”

“నేనే అయ్యా” అంది లికెట్సో వెంటనే. “ఈయన నా మీద నమ్మకంతో వచ్చాడు. నా వెంట ఉన్నంతసేపు ఏం జరిగినా నాదే.”

ఊరి పెద్ద మాట నా చెవుల్లో మోగింది. ఈ మాట ఆయన దాకా వెళితే దాని కొండ ఇవాళ్టితో సరి.

“అది అబద్ధం చెప్తోంది. మూసింది నేను. పొద్దున్నించి ఆ గణగణతో తలపోటు” అన్నాను.

“కాదయ్యా, నేను” అన్నాడు లౌరెన్స్.

రపెలాంగ్ మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ చూశాడు. “దొంగలు మేం కాదనడం చూశాను. ముగ్గురూ నేనంటే నేనని కొట్టుకోవడం ఇదే మొదలు. కూచోండి. శిఖరం మీదున్న మావాడు మంద చూసేదాకా ఎవరూ లేవద్దు.”

ఎండలోనే కూర్చున్నాం. సంకటి మూట విప్పి ముందు రపెలాంగ్‌కే పెట్టాను. ఆయన తింటూ తింటూ లౌరెన్స్‌ని అడిగాడు, “ఆ మెలిక ఎక్కడ నేర్చావు?”

లౌరెన్స్ ఆ గడ్డి మెలిక చేతిలోకి తీసుకున్నాడు. “మా నాన్న గొర్రెలు ఒకరాత్రి సరిహద్దు ఇవతలికి పోయాయి. దారంతా గంటలు దొరికాయి. వాటిల్లో గడ్డి పీకింది నేనే. చిన్నవాణ్ణి. పీకీ పీకీ ఎలా చుట్టాలో తెలిసింది.”

రపెలాంగ్ నమలడం ఆపాడు. సరిహద్దు ఇవతల అంటే మావైపే. ఆ గొర్రెలు తోలుకొచ్చినవాళ్ళెవరో ఆయనకి తెలుసేమో, తెలియదేమో. మొహం పక్కకి తిప్పుకున్నాడు. నిజమే చెప్పాడా వీడు, లేక ఇలాంటి ప్రశ్నకి ఇలాంటి కథ సిద్ధంగా పెట్టుకున్నాడా అని నేను ఆలోచిస్తూనే ఉన్నాను.

శిఖరం మీదనుంచి పొట్టి ఈల వచ్చింది. మంద క్షేమం.

రపెలాంగ్ లేచి కంబళి దులుపుకున్నాడు. “పెద్దాయనకి నేనేమీ చెప్పను. ఇక మీదట ముందు నా గుడిసెకి రా పిల్లా. నేను చూశాకే కిందికి దిగు. గంట మాత్రం మోగుతూనే ఉండాలి. లేళ్ళు కనబడకపోతే అది నీ వెంట వచ్చినవాళ్ళ ఖర్మ.”

“అట్టాగే అయ్యా” అంది లికెట్సో.

దిగేటప్పుడు అది నాకంటే ముందు నడిచింది. ఏటి దగ్గర గుర్రానికి నీళ్ళు పడుతూ, “నీ వల్లే లేళ్ళు పోయాయి” అంది. కాసేపయ్యాక, “నీ వల్లే ఆ కర్ర నా వీపు మీద పడలేదు” అంది. అంతకంటే నేనేం అడుగుతాను?

రోడ్డు దగ్గర లౌరెన్స్ మా ఇద్దరి చేతులూ పట్టుకుని ఊపాడు. మగలేడి పరుగు చూశానని, అది చాలని అన్నాడు. వచ్చే నెల మళ్ళీ వస్తాడట. ఈసారి ఇంకో ఆరుగుర్ని తీసుకొస్తాడట.

అతని బండి మలుపు తిరిగేదాకా చూసి లికెట్సోని అడిగాను.

“ఆరుగురెందుకే?”

“చూడ్డానికమ్మా!”

“ఒక్క లేడిని చూడ్డానికి ఆరుగురా? మంద తోలడానికైతే సరిగ్గా సరిపోతారు.”

“అమ్మా!”

“వాళ్ళ పేర్లు కనుక్కో. ఎవరెవరి బిడ్డలో కూడా కనుక్కో” అని గుర్రం పగ్గం అందుకున్నాను.