గోల్‌కీపరు ఉమ్మిన ఎరుపు

బా ఊరి మార్కెట్లో నేను యంగోనా వేళ్ళు అమ్ముతాను, దంచి నీళ్ళలో కలిపి తాగే మత్తు వేళ్ళు. వేరు పైకి లావుగా కనబడితే చాలదు, విరిస్తే లోపల గట్టిగా ఉండాలి. మా దేశం నుంచి ఆడటానికొచ్చిన హానియేలును మా ఇంట్లో పెట్టుకునే ముందు వాణ్ణీ అలాగే చూశాను. సోలమన్ దీవుల్లో వాళ్ళదీ మాదీ మలైతా దీవే, ఒకే భాష. మన భాషవాడు గుమ్మంలో నిలబడితే ముందు చాప వేయాలి, లాభనష్టాలు తర్వాత. వాడు ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరుగా కుదిరితే వాడి ఇల్లు నిలబడుతుంది. జట్టంతా యంగోనా నా దగ్గరే కొంటుంది. బేరం బాగానే ఉంది.

జట్టు మేనేజరు, కిరాణా కొట్టు ధరమ్ లాల్ మాత్రం ఒక షరతు పెట్టాడు.

"వక్కాకు ముట్టుకోకూడదు. ఇంతకు ముందొచ్చిన మీవాడు డ్రెస్సింగ్ రూము గోడలన్నీ ఎరుపు చేసి పోయాడు. వీడు కూడా నమిలాడో, ఆ రోజే విమానం ఎక్కిస్తా."

"ముట్టనండీ," అన్నాడు హానియేలు, చంటిపిల్లాడిలా తలూపుతూ.

లౌటోకా జట్టుతో మ్యాచ్ బాగా ఆడితే సాయంత్రం కాంట్రాక్టు. మొదటి సగంలో గోడలా నిలబడ్డాడు. రెండో సగంలో వాళ్ళ ఆటగాడొకడు బంతితో దూసుకొచ్చాడు. మావాడు అతని కాళ్ళ మీదికి దూకి బంతి లాక్కున్నాడు. అవతలివాడి మోకాలు వీడి రొమ్మున దిగబడింది. మావాడు మెల్లగా లేచి, వంగి ఉమ్మాడు. గడ్డి మీద ఎర్రటి మడుగు.

డాక్టరమ్మ వాసిటి పరుగెత్తింది. వెనకాలే స్ట్రెచరు. ధరమ్ లాల్ రెండు చేతులూ జోడించి ఆకాశం చూస్తున్నాడు. గీత పక్కన రెండో గోల్‌కీపరు అప్పటికే గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు. వాడు లోపలికి అడుగు పెట్టాడంటే మావాడు మళ్ళీ దిగడానికి లేదు.

నేను కంచె దాటి వెళ్ళాను. ఎవరూ ఆపలేదు, సొంత పిన్ని అనుకుని ఉంటారు. హానియేలు పెదవులు బిగించి పడుకున్నాడు. డాక్టరమ్మ ఏం అడిగినా నోరు విప్పడు. ముక్కు దగ్గరగా పెట్టాను. సున్నం వాసన.

నెత్తురు కాదని నాకు తెలిసిపోయింది. నిజం చెబితే విమానం. చెప్పకపోతే ఆసుపత్రి, ఆ పైన జీవితమంతా ఊపిరితిత్తి చిట్లిన కీపరన్న పేరు. వక్క మరక కడిగితే పోతుంది. రోగమన్న పేరు ఎన్ని దేశాలు తిరిగినా వెంటే వస్తుంది. ఏది చిన్న నష్టమో తేలిపోయింది.

"డాక్టరమ్మా, అది నెత్తురు కాదు, వక్క," అన్నాను.

ఆమె వాడి నోట్లో నీళ్ళు పోయించి, పుక్కిలింపజేసి, బుగ్గలోంచి పిప్పి బయటికి తీసింది. రొమ్మంతా నొక్కి చూసింది. శ్వాస విన్నది.

"కమిలింది, అంతే. నోరు తెరిచి చెప్పొచ్చుగా, మొద్దబ్బాయ్!"

ధరమ్ లాల్ వచ్చి పక్కనే కూలబడ్డాడు. మనిషి ముఖాన నెత్తురు చుక్క లేదు.

"మీ అమ్మకు ఫోన్లో ఏం చెప్పాలా అని చస్తున్నాన్రా! వద్దన్నానా లేదా? అసలీ ఊళ్ళో వక్క ఎవడమ్మాడు నీకు?"

హానియేలు నా వైపు చూశాడు.

"చెప్పు, ఇంకేం దాస్తావు?" అన్నాను.

"మీ కొట్లోనేనండీ. పూజసామాను అరలో ఉంటే... పూజకే అని చెప్పాను. మీరే పొట్లం కట్టారు."

డాక్టరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. స్ట్రెచరు మోసేవాళ్ళు తిప్పుకోలేదు, పగలబడి నవ్వారు. ధరమ్ లాల్ కాసేపు తల గోక్కున్నాడు. సరుకు అమ్మినవాడు కొన్నవాణ్ణి ఎంతవరకు తిట్టొచ్చో అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

"ధరమ్ భాయ్, ఆ రెండోవాణ్ణి కూర్చోమను," అన్నాను.

"కూర్చోరా!" అని గీత వైపు అరిచాడు. తర్వాత హానియేలుతో, "లే. గోలు పడిందో, ఆ గడ్డి నీతోనే కడిగిస్తా," అన్నాడు.

గోలు పడలేదు. సాయంత్రం ధరమ్ లాల్ కొట్టు వెనక యంగోనా కలిపి కూర్చున్నాం. కాంట్రాక్టులో అతను తన చేత్తో ఒక మాట చేర్చాడు: మ్యాచ్ రోజున వక్క నిషేధం. హానియేలు సంతకం పెట్టాడు.

"మిగతా రోజుల మాటేమిటి?" అన్నాను.

"మిగతా రోజులు నాకు గిరాకీ వద్దా, అక్కా?" అన్నాడు ధరమ్ లాల్.