తగ్గించని శ్రుతి

నేను ఒక హార్మణీ పెట్టెను. పుస్తకాల్లో హార్మోనియం అని రాస్తారు గాని, నాటకాల వాళ్ళెవరూ నన్ను అంత పొడుగు పేరుతో పిలవలేదు. ఒళ్ళో పెట్టుకుని చేత్తో తిత్తి ఆడించే రకం కాదు, కుర్చీలో కూర్చుని కాళ్ళతో తొక్కి వాయించే రకం. కాకినాడలో ఒక వడ్రంగి మేస్త్రి టేకు చెక్కతో నన్ను చేశాడు. గాలికి పలికే లోపలి ఇత్తడి రీడ్లు మాత్రం ఓడెక్కి వచ్చాయని బేరానికి వచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు. మొదట నన్ను కొన్న ప్లీడరు గారు హాల్లో గోడ వారగా నిలబెట్టి, నెత్తిన పూలకుండీ పెట్టించారు. ఆ ఇంట్లో ఎవరికీ సంగీతం రాదు. పెట్టె ఉంటే సంగీతం ఉన్నట్టేనని వారి లెక్క. కుండీలో నీళ్ళు కారి కారి నా పైచెక్క ఉబ్బిపోయాక, అందం చెడిందని నన్ను వదిలించుకున్నారు. అలా పున్నయ్య చేతికి వచ్చాను.

పున్నయ్య తెనాలి దగ్గర ఒక నాటక సమాజంలో హార్మోనిస్టు. మహా కోపిష్ఠి. శ్రుతి తప్పితే రాజు వేషగాడినైనా స్టేజీ కింద నుంచే గుడ్లురిమి చూసేవాడు. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు రాఘవమ్మ భర్త పోయాక కొడుకు జాలయ్యను వెంటబెట్టుకుని ఆయన ఇంటికే వచ్చేసింది. ఆ పిల్లవాడు ఒకనాడు దొడ్లో ఆడుకుంటూ పద్యం ఎత్తుకుంటే, పున్నయ్య తింటున్న కంచం ముందు నుంచి ఎంగిలి చేత్తో లేచి వచ్చాడు.

అప్పటినుంచి సమాజంలో బాలవేషాలన్నీ జాలయ్యవే. ఐదున్నర శ్రుతిలో అవలీలగా పాడేవాడు. పెద్దవాళ్ళు మెడ నరాలు ఉబ్బించినా అందుకోలేని చోటికి వాడు నవ్వుతూ వెళ్ళి వచ్చేవాడు. అడవిలో తప్పిపోయిన రాజకుమారుడు తల్లిని పిలుస్తూ పాడే పద్యం ఒకటుండేది. అది అయ్యేసరికి ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకునేవారు, మగవాళ్ళు వన్స్ మోర్ అని అరిచేవారు. వన్స్ మోర్ అంటే పాడి తీరాలి, అది నాటకాల్లో చట్టం. చచ్చి పడిన పాత్రయినా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే.

వాడు ఎదగడం ముందు నాకే తెలిసింది. నా మెట్ల మీద పాకే వేళ్ళు పొడుగయ్యాయి. చొక్కా చేతులు మోచేతుల దాకా పొట్టయ్యాయి. దగ్గరికి వస్తే చెమట వాసన వేరుగా ఉండేది. నుదుటి మీద మొటిమలు లేచాయి, పై పెదవి మీద నూగు మొలిచింది. పున్నయ్య దాని మీద రంగు దట్టంగా పూసి రాజకుమారుణ్ణి మళ్ళీ పసివాణ్ణి చేసేవాడు. గొంతులో చిన్న ముడి కనిపించసాగింది, దాన్ని మాత్రం ఏ రంగూ కప్పలేదు.

ఆడపిల్ల పెద్దదైతే చాప వేసి కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి, వీధి వీధంతా పేరంటానికి పిలుస్తారు. మగపిల్లవాడు పెద్దవాడైతే మాత్రం ఆ మాట వాడికి కూడా చెప్పరు. ఈ మనుషుల పద్ధతి నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక పొద్దున సాధనలో జాలయ్య గొంతు మధ్యలో జారి బొంగురుగా పడిపోయింది. వెంటనే కీచుమంది. వాడు బెదిరిపోయాడు.

"మామయ్యా, నాకేదన్నా జబ్బా?"

"జబ్బూ లేదు, గిబ్బూ లేదు. చింతకాయలు తినమాకరా అంటే ఇన్నావా?" అన్నాడు పున్నయ్య.

రాఘవమ్మ దిష్టి తీసింది, మిరియాల కషాయం తాగించింది. పున్నయ్య ఇంకో పని చేశాడు. తెల్లవారగానే వాణ్ణి కాలవలో పీకల్లోతు నీళ్ళలో నిలబెట్టి పైస్థాయిలో సాధన చేయించాడు. ఇంటికి వచ్చాక నా ముందు మళ్ళీ అదే. వాడి గొంతు పుండులా ఉందని నాకు తెలుస్తూనే ఉంది. నా లోపల మగ గొంతు రీడ్లూ ఉన్నాయి, ఆడ గొంతు రీడ్లూ ఉన్నాయి, బొత్తాం లాగితే ఒకటి పోయి ఇంకొకటి పలుకుతుంది. మనిషి గొంతు మారడానికి నెలలు పడుతుందనీ, అందాకా దాన్ని కదపకూడదనీ నేను చెప్పలేను కదా.

పున్నయ్యను దుర్మార్గుడనుకోవద్దు. చిన్నప్పుడు ఆయనా బాలవేషాలు వేసినవాడే. ఆయన గొంతూ ఇదే వయసులో పోతే, గురువు "నీకింక పాట లేదు, పెట్టె నేర్చుకో" అని నెట్టేశాడట. సాధన చాలక గొంతు జారవిడుచుకున్నానని ఆయన జీవితమంతా కుమిలాడు. మేనల్లుడి గొంతును ఎలాగైనా పట్టి ఆపుదామనుకున్నాడు.

తిరునాళ్ళ నాటకం రోజున తెర లేవబోతుండగా జాలయ్య నా దగ్గరికి వచ్చాడు. మాట గుసగుసగా వస్తోంది.

"మామయ్యా, ఇయ్యాల శ్రుతి తగ్గించవా? నొప్పెడతంది."

"ఆ పద్యం ఐదున్నరలో పాడితేనే పద్యంరా. దించితే ఎవడన్నా పాడతాడు. భయపడమాక, నేనున్నాగా."

ఆయన వేళ్ళు కాస్త ఎడమకు జరిపితే చాలు. జరపలేదు.

పద్యం సగానికి వచ్చేసరికి గొంతు పగిలి కీచుమంది. జనం గొల్లుమన్నారు. వెనక నుంచి ఎవడో ఎగతాళిగా "వన్స్ మోర్" అని అరిచాడు. నలుగురూ అందుకున్నారు. వాడింకా పిల్లవాడు, చట్టం చట్టమే అనుకున్నాడు. కన్నీళ్ళు రంగు మీదుగా కారుతుండగా మొదటినుంచీ ఎత్తుకున్నాడు. అదే చోటికి వచ్చి, ఉన్న బలమంతా పెట్టి పైకి వెళ్ళాడు. తర్వాత నోరు తెరిచే ఉంది గాని శబ్దం లేదు. మిగిలిన పద్యం నేనొక్కదాన్నే పలికాను. పున్నయ్య ఆపలేదు, ఆపితే ఏమవుతుందోనని భయపడ్డాడేమో. పిల్లవాడు ఉమ్మితే చేతిలో నెత్తురు పడింది.

గుంటూరు పెద్ద డాక్టరు దగ్గర చూపించుకుని వచ్చాక రాఘవమ్మ గుమ్మంలోనే కూలబడింది.

"ఈ ఈడులో మొగపిల్లలందరికీ గొంతు మారుద్దంట అన్నయ్యా. నోరు మెదపకుండా ఏడాది ఊరుకుంటే మంచి మొగగొంతు వచ్చేదంట. అరిపించి అరిపించి లోపల చీల్చేశారంట. ఇంట్లో పెద్దోళ్ళు ఎవరూ చెప్పలేదా అని అడిగాడు. నేనేం చెప్పను?"

పున్నయ్య నా మూత దించి, దాని మీద చెయ్యి వేశాడు. "మరి నాకెవరు చెప్పారే?" అన్నాడు. ఆ రోజు తర్వాత ఆయన నన్ను తొక్కలేదు. ఆ మాట అన్నప్పటి కంటే చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కొన్నేళ్ళకు పోయాడు.

జాలయ్యకు మాట వచ్చింది గాని, గరగరమనే మాట. రైసుమిల్లులో పనికి చేరాడు. అక్కడి చప్పుడులో ఎవరి గొంతు ఎలాంటిదో ఎవరికీ పట్టదు. పెళ్ళయింది, నాగేంద్రమని కొడుకు పుట్టాడు. ఎలుకలు నా తిత్తులు కొరికేశాయి. ఇప్పుడు నా మీద ఇస్త్రీ బట్టలు, దగ్గుమందు సీసాలు పెడుతున్నారు. నేనేమీ అనుకోవడం లేదు.

నిన్న నాగేంద్రం బడి నుంచి ఏడుపు ముఖంతో వచ్చాడు. ప్రార్థన పాటలో గొంతు జారితే అందరూ నవ్వారట. జాలయ్య వాణ్ణి నా పక్కనే కూర్చోబెట్టుకుని, గడ్డం పట్టి ముఖం పైకెత్తాడు.

"జబ్బు కాదురా. పెద్దోడివవుతున్నావు. మీసమొస్తది, పొడుగవుతావు, గొంతు మారుద్ది. అందరికీ అంతే, నాకూ అంతే. కుదురుకునేదాకా పాడమాక. మీ మేస్టారికి నేనొచ్చి చెబుతా."

పిల్లవాడి ముఖం తేటపడింది. చొక్కాతో ముక్కు తుడుచుకుని అడిగాడు.

"మరి నీ గొంతు మారినప్పుడు నువ్వూ పాడటం ఆపేశావా నాన్నా?"

జాలయ్య నా మీది దగ్గుమందు సీసా ఒకటి తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"నాకసలు పాటే రాదురా," అన్నాడు.