తొందరమ్మ అసలు వయసు

ఫోన్ మోగేసరికి నేనూ మా ఆయనా ఒకే స్టూల్ మీద ఒకరినొకరు పట్టుకుని నిలబడి, కొత్త కర్టెన్ ఎటు తిప్పి తగిలించాలో తేల్చుకోలేక నవ్వుకుంటున్నాం. పెళ్లయి నలభై రోజులే. కర్టెన్ తగిలించడం కూడా మాకు విహారయాత్రే.

"పాప పరీక్ష రిపోర్ట్ వచ్చిందిరా తమ్ముడూ. వయసుకు తగ్గట్టే ఉందట. ఒకటో తరగతిలో చేర్చొచ్చట," అంటూ వదిన ఫోన్లోనే ఏడ్చేసింది.

వదిన కూతురు ఏడో నెల నిండగానే పుట్టేసింది. అందుకే ఇంట్లో అందరికీ తొందరమ్మ. ఆ తర్వాత మాత్రం ఆవిడ దేనికీ తొందరపడలేదు. నడక ఆలస్యం, మాట ఆలస్యం, పెన్సిల్ పట్టడం మరీ ఆలస్యం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కొందరికి చదువు దగ్గర ఇబ్బందులు బడి వయసులో గానీ బయటపడవని డాక్టర్ చెప్పినప్పటి నుంచీ వదిన ఈ ఒక్క మాట కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంది.

కర్టెన్ నేల మీద వదిలేసి పావుగంటలో వాళ్లింట్లో వాలిపోయాం. తొందరమ్మ గుమ్మంలో కూర్చుని షూ లేసుతో కుస్తీ పడుతోంది. నేను రిపోర్ట్ అందుకున్నాను. చదవడమంటే నాకు పిచ్చి, మందు సీసా మీది చీటీని కూడా వదలను.

"వదినా, దీనికి వచ్చే నెలకి గానీ ఆరేళ్లు నిండవని రాశారేంటి? మా పెళ్లికి వారం ముందే కదా కేక్ కోసింది."

వదిన కాగితం లాక్కుని చూసింది. పుట్టిన తేదీ దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది.

ఇలాంటి పిల్లల వయసును మొదటి రెండేళ్లూ పుట్టిన రోజు నుంచి కాక, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కేస్తారట. డాక్టర్లు ఎప్పుడో మానేశారు గానీ, వదిన చెయ్యి మానలేదు. పరీక్ష ఫారంలో ఆ పుట్టాల్సిన తేదీయే రాసేసింది.

"అంటే దీన్ని తనకన్నా చిన్నపిల్లలతో పోల్చారన్నమాట," అంది వదిన. " ఆ మార్కులన్నీ ఉత్తవే."

"కూతురికి పరీక్షలో స్లిప్పులందించావా అక్కా?" అన్నాడు మా ఆయన.

"నోర్మూసుకోరా."

ఎవరూ నవ్వలేదు. పరీక్ష పెట్టిన సైకాలజిస్టుకు నేనే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి సంగతి చెప్పాను.

"ఉండండి, అసలు తేదీ పెట్టి మళ్లీ చూస్తాను," అందావిడ.

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. వదిన నా చెయ్యి పట్టుకుంది. గాజులు నొక్కుకుంటున్నా నేను కదల్లేదు.

"మార్కులు కాస్త తగ్గాయి. అయినా తన వయసు పిల్లల స్థాయిలోనే ఉంది. రాత నిదానం, కాబట్టి వేళ్లకు వ్యాయామం మానకండి. ముందు బెంచీలో కూర్చోబెట్టమనండి. ఏటా ఒకసారి తీసుకురండి. ఒకటో తరగతికి ఢోకా లేదు. ఇక మీ అమ్మాయికి ఒక్క పుట్టినరోజు చాలమ్మా."

వదిన ఈసారి ఏడవలేదు. వెళ్లి గుమ్మంలో కూతురి పక్కన చతికిలబడింది.

"నీకెన్నేళ్లే?"

"ఆరు. నీకు తెలీదా అమ్మా?"

మా ఆయన పగలబడి నవ్వాడు. అప్పుడు వదినకూ నవ్వొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"రేపు తొమ్మిదింటికల్లా బడికెళ్లి చేర్పించేద్దాం. నువ్వూ రా. ముందు బెంచీ సంగతి టీచరుతో నేనే మాట్లాడతాను."