బోలోత్ వంతు

రాజధాని బిష్కెక్‌లో ప్రభుత్వం పడిపోయిందని రేడియోలో చెప్పిన రోజు, మా ఊరి పోలీసాయన చొక్కా మీది బిళ్ళలు పీకేసి, వంతెన అవతలి ఠాణా తలుపు బార్లా వదిలేసి, అత్తారింటికి చెక్కేశాడు. ఇంక దొంగలు పడతారు, తలలు పగులుతాయి అని పట్నంలో ఉన్న మా చెల్లెలు ఫోన్లో ఒకటే ఏడుపు. ఏం జరిగిందీ? బంగాళదుంపలు నాటుకున్నాం. అంతే.

మా ఆయన ఒరోజాలికి మాత్రం నేల మీద కాలు నిలవలేదు. ఊరి తెల్లగడ్డం పెద్దల్లో ఆయనొకడు లెండి. తెల్ల టోపీ సర్దుకుని, దారినపోయే వాళ్ళని ఆపి మరీ చెప్పేవాడు.

"చూశారా! మీసాలు దువ్వుకునే ఆ పోలీసు లేకపోతే మనం బతకలేమా? మనకి సిగ్గూ శరం ఉన్నాయి. సిగ్గున్న ఊరికి సర్కారెందుకయ్యా?"

"సిగ్గుంటే ముందా కొట్టం కప్పు బాగుచెయ్యి," అనేదాన్ని నేను.

పైకలా అన్నా, నిజం చెప్పొద్దూ, నాకూ గర్వంగానే ఉండేది. మా ఊళ్ళో జీతానికి కాపరి లేడు. గొర్రెల్ని కాయడం రోజుకొక ఇంటి వంతు. వంతు వచ్చినవాడు పొద్దున్నే వీధిలో కేకేస్తాడు. అందరం జీవాల్ని బయటికి తోలేస్తాం. సాయంత్రం ఎవరి గొర్రెలు వాళ్ళ గుమ్మం వెతుక్కుంటూ వచ్చేస్తాయి. అప్పగించేటప్పుడు లెక్కపెట్టడం మాత్రం మా ఇంటా వంటా లేదు. లెక్కపెడితే ఎదుటివాణ్ణి దొంగ అన్నట్టే.

వేసవి మొదట్లో బోలోత్ వంతు వచ్చింది. బోలోత్ పుట్టుకతో మా ఊరివాడు కాదు. దక్షిణాన వాళ్ళ ఊరి మీద కొండ విరిగిపడితే, భార్య సోనున్‌నీ, పాల కోసం పెంచుకునే ఒక ఆడగుర్రాన్నీ వెంటబెట్టుకుని వచ్చి మా వీధి చివర గూడు కట్టుకున్నాడు. నెమ్మదైన మనిషి. కిందటేడు మంచు కరిగి ఏరు పొంగినప్పుడు మా ఆయన కాలుజారి పడితే, వెనకాముందూ చూడకుండా దూకి కాలరు పట్టుకుని లాగింది ఈ బోలోతే.

ఆ సాయంత్రం మంద వంతెన దగ్గరికి వచ్చేసరికి వడగళ్ళు విరుచుకుపడ్డాయి. గొర్రెలన్నీ చెల్లాచెదురు. బోలోత్ తడిసి ముద్దయి, పరుగులు పెట్టి పోగేసి తెచ్చాడు. ఒక్కటి తగ్గింది. తగ్గి తగ్గి మా వీధిలో ఉండే తొక్తొముష్ పొట్టేలే తగ్గింది. వాళ్ళమ్మ సంవత్సరీకం విందుకని కడుపు కట్టుకుని మేపుతున్న పొట్టేలు. అసలే ఆ మనిషికి నోరెక్కువ.

"ఎంతకమ్మావురా?" అని తెల్లారేసరికి బోలోత్ గుమ్మంలో దిగాడు.

"అమ్మలేదన్నా. వెతుకుతూనే ఉన్నాను. ఏట్లో కొట్టుకుపోయిందేమో."

"ఓహో, అన్ని గొర్రెల్లో ఏటికి నా పొట్టేలే ముద్దొచ్చిందా?"

పెద్దలు కూర్చున్నారు. మా పద్ధతిలో నింద పడ్డవాడు తనకి తాను ప్రమాణం చేసుకోకూడదు. పీకల మీదికొస్తే ఎవడైనా అబద్ధం ఆడతాడు గదా. అతని తరఫున పరువున్న చుట్టమొకడు లేచి, రొట్టె చేత పట్టుకుని, "ఇతను చెయ్యలేదు, నా మాట అబద్ధమైతే నా వంశం నాశనమైపోవాలి" అనాలి. అన్నాడా, నింద కొట్టేసినట్టే. జైలు అక్కర్లేదు, లాఠీ అక్కర్లేదు. చుట్టాలుంటే చాలు.

బోలోత్ చుట్టాలెక్కడున్నారు? ఆ కొండ మట్టి కింద.

"చుట్టమే కానక్కర్లేదు. ఇతన్ని నమ్మినవాళ్ళు ఎవరైనా లేవచ్చు," అన్నాడు పెద్దల్లో ఒకాయన.

బోలోత్ మా ఆయన వైపు చూశాడు. ఒక్కసారే చూసి తల దించేసుకున్నాడు. వెనక ఆడవాళ్ళలో కూర్చున్న నేను మా ఆయన వీపులో వేలితో పొడిచాను.

"లేవయ్యా! నిన్ను ఏట్లోంచి లాగినవాడు."

"వంశం మీద ఒట్టెయ్యాలే, ఊల్కన్," అని గొణిగాడు. "మనవడు పుట్టి నెల కాలేదు."

నా వేలు వెనక్కి వచ్చేసింది. మళ్ళీ పొడవలేదు. అందరూ తమ బూట్ల కేసి చూసుకున్నారు. పొట్టేలుకి బదులు బోలోత్ తన గుర్రాన్ని తొక్తొముష్‌కి ఇవ్వాలని పెద్దలు తీర్పు చెప్పారు.

సోనున్ తనే దాన్ని నడిపించుకొచ్చింది. తాడు తొక్తొముష్ చేతికిచ్చి, "కుడివైపు నుంచి వెళ్తే తంతుంది, జాగ్రత్త," అని చెప్పి వెళ్ళిపోయింది. అప్పుడైనా మాలో ఒక్కరం నోరు విప్పామా? లేదు. ఊరు మాత్రం ప్రశాంతంగానే ఉంది. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఆ ఇంటివాళ్ళకి సలాం చెప్పడం మానేశారంతే.

ఇంతలో కొత్త ప్రభుత్వం కొత్త పోలీసుని పంపింది. ఆయన వచ్చి ఠాణా తలుపు తోస్తే లోపల పొట్టేలు! వడగళ్ళకి బెదిరి దూరి ఉంటుంది, గాలికి తలుపు మూసుకుపోయి ఉంటుంది. ఏటి హోరులో దాని అరుపు ఎవరికి వినపడుతుంది? కప్పులోంచి కారిన నీళ్ళు తాగుతూ, పాత ఫిర్యాదు కాగితాలు నములుతూ బతికింది. బోలోత్ కొండంతా గాలించాడు గానీ, సర్కారు వారి మూసిన తలుపు తియ్యడానికి జంకాడట.

"ఎవరిదండీ ఇది?" అంటూ పోలీసు దాన్ని వీధంతా తిప్పాడు. తొక్తొముష్‌తో సహా ఒక్కరు బయటికి రాలేదు. మాకు తలకొట్టేసినట్టయింది.

గుర్రం బోలోత్ ఇంటికి తిరిగి వెళ్ళింది. ఆ సాయంత్రం మా ఆయన రొట్టె పట్టుకుని బయల్దేరాడు. వెనకాలే నేను.

"బోలోత్, నేను ప్రమాణం చేస్తాను. ఊరందరి ముందూ చేస్తాను. నా వంశం మీద చేస్తాను," అన్నాడు.

బోలోత్ గుర్రం మెడ నిమురుతూ అన్నాడు. "పొట్టేలు దొరికింది గదా బాబాయ్. ఇంక ప్రమాణమెందుకు?"

సోనున్ మమ్మల్ని లోపలికి పిలిచి టీ పోసింది. గుమ్మం తొక్కినవాళ్ళని ఏమీ ఇవ్వకుండా పంపరు గదా.

తర్వాత బోలోత్ వంతు మళ్ళీ వచ్చింది. పొద్దున్న కేక వినపడలేదు. తలుపు తీస్తే గుమ్మం ముందే నిలబడి ఉన్నాడు. పక్కన ఆవలిస్తూ కొత్త పోలీసు.

"బాబాయ్, జీవాల్ని లెక్కపెట్టి అప్పగించండి. ఈయన వింటారు."

"ఇది నా డ్యూటీ కాదండీ. ఈయన మరీ బతిమాలితే వచ్చాను," అన్నాడు పోలీసు ఇబ్బందిగా.

మా ఆయన నవ్వబోయాడు. "మనలో మనకి లెక్కలేంట్రా, సాక్షులేంట్రా? మనకి సిగ్గూ శరం..." అని అక్కడే ఆగిపోయాడు.

బోలోత్ కర్ర మీద గడ్డం ఆనించి ఎదురుచూశాడు.

మా ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒక్కో గొర్రె వీపు మీద చెయ్యి వేస్తూ, పోలీసుకి వినపడేలా, ఒకటీ, రెండూ అంటూ మొదలుపెట్టాడు. వీధి పొడుగునా ప్రతి గుమ్మంలోనూ మనుషులు తలలు దించుకుని నిలబడి ఉన్నారు, తమ ఇంటికి బోలోత్ ఎప్పుడొస్తాడా అని.